ఆ పూట బరువు

మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద, ట్రాక్టర్ సామాన్ల దుకాణం పైన పరమేష్ జిమ్ పెట్టి ఆరేళ్లయింది. కింద గ్రీజు వాసన, పైన ఇనుము వాసన, రెంటికీ నడుమ ఇరుకు మెట్లు. మెట్లెక్కగానే ఎదురుగోడకు ఒక నల్లబోర్డు కనిపించేది. ‘వంద దాటినవాళ్లు’ అని పరమేష్ సొంత దస్తూరీతో రాసి, కింద పేర్లు చేర్చేవాడు. నేల మీది రాడ్డును వంగి పట్టుకుని, నడుం నిలిపి, తొడలదాకా లేపి నిలబడాలి. దాన్నే డెడ్‌లిఫ్ట్ అంటారు. అట్లా వంద కిలోలు ఎత్తిన మనిషి పేరు బోర్డెక్కేది. ఆరేళ్లలో నలభై ఒక్క పేర్లు ఎక్కాయి. అందరూ మగవాళ్లే.

ఆ బోర్డంటే పరమేష్‌కు వల్లమాలిన ప్రేమ. తను కుర్రతనంలో జిల్లా పోటీల్లో రెండో స్థానం దాకా వెళ్లి అక్కడే ఆగిపోయినవాడు. ఇప్పుడు ముప్పై ఆరేళ్లు. తను ఎక్కలేని మెట్టు తన చేతి కింద తయారైనవాళ్లు ఎక్కితే, ఆ ఎక్కడంలో తనకూ వాటా ఉంటుందని నమ్మేవాడు.

కిందటేడు వానాకాలంలో వినోద ఆ మెట్లెక్కి వచ్చింది. ముప్పై మూడేళ్ల మనిషి. బౌరంపేట్‌లో ఒక పెద్ద బడి హాస్టల్లో వంట చేసేది. భర్త శివ దుండిగల్ రూట్లో షేర్ ఆటో నడిపేవాడు. జిమ్‌కు వచ్చే ఆడవాళ్లు మొదటిరోజు అడిగే మాట పరమేష్‌కు తెలుసు. ఎన్ని నెలల్లో ఒళ్లు తగ్గుతుందని అడుగుతారు. వినోద అది అడగలేదు.

“బక్కగయ్యేటందుకు రాలే సార్,” అంది. “పొయ్యి మీదికెళ్లి అన్నం గంజు దించాలె. నాతోని దించే ఆమె పని మానేసింది. కొత్తామెకు బలం లేదు. నాకన్న ఉండాలె గదా.”

వందలమందికి వండే గిన్నె దించడానికి బలం కావాలన్న ఆ మాట పరమేష్‌కు ఎంతో నచ్చింది. ఒట్టి రాడ్డుతో, అంటే ఇరవై కిలోలతో మొదలుపెట్టించాడు. పాదాలు ఎంత ఎడంగా పెట్టాలి, ఊపిరి ఎక్కడ బిగబట్టాలి, వీపు పలకలాగా ఎట్లా నిలపాలి, అన్నీ ఓపిగ్గా నేర్పాడు. నేర్పడంలో అతను మంచివాడే. ఆ మాట తర్వాత కూడా ఎవరూ కాదనలేదు. దసరా నాటికి వినోద యాభై కిలోలు ఎత్తింది. సంక్రాంతి దాటాక ఎనభై కిలోలు వరసగా ఐదుసార్లు ఎత్తింది. బడిలో ఇప్పుడు గంజు దించేటప్పుడు చేతులు వణకడం లేదని, కొత్తామె భారం కూడా తనే లాక్కుంటున్నానని ఒకరోజు నవ్వుతూ చెప్పింది. ఆమె నడకే మారిపోయింది.

అప్పుడే పరమేష్ మనసులో ఆ ఆలోచన పడింది. బోర్డు మీద మొదటి ఆడమనిషి పేరు. వినోదతో అంటే, గంజు దిగుతోంది కదా, తనకు బోర్డెందుకని అంది. అతను రెండు వారాలు వదలకుండా చెప్పాడు. చెప్పగా చెప్పగా ఆమెకూ ఆశ పుట్టింది. అది నిజం. ఆ ఆశ పుట్టించిందెవరన్నది వేరే సంగతి.

ఫిబ్రవరి ఆఖరి శనివారం సాయంత్రం అనుకున్నారు. పరమేష్ జిమ్ గ్రూపులో వారం ముందే మెసేజ్ పెట్టాడు. వీడియోలు బాగా తీసే ఆదిత్య అనే కుర్రాణ్ణి ఫోన్‌తో సిద్ధంగా ఉండమన్నాడు. నడుమ ఒకసారి వినోద ఫోన్ చేసి, ఆ రోజే బడిలో వార్షికోత్సవమని, ఏడువందల మందికి వంట అని చెప్పింది. సాయంత్రానికి అయిపోతుంది కదా అన్నాడు పరమేష్.

ఆ శనివారం ఆమె తెల్లవారుజామున నాలుగింటికి లేచింది. బగారా అన్నం, పప్పుచారు, వంకాయ కూర. ఎన్ని గంజులు ఎక్కించిందో ఎన్ని దించిందో లెక్కలేదు. సాయంత్రం ఆరింటికి నేరుగా బడి నుంచే జిమ్‌కు వచ్చింది. జుట్టుకు ఇంకా తాలింపు వాసన ఉంది. అప్పటికే ముప్పైమంది గోడల వెంట వరసగా నిలబడి ఉన్నారు.

ఒళ్లు వేడెక్కడానికి అరవై కిలోలు రెండుసార్లు ఎత్తి దించింది. దించాక కుడిచెయ్యి నడుం మీద పెట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత పరమేష్ దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా చెప్పింది.

“సార్, ఇయ్యాల నడుం గుంజుతాంది. వచ్చే శనివారం జేద్దమా?”

పరమేష్ గోడల వెంట ఉన్న మనుషులను చూశాడు. ఆదిత్య ఫోన్‌ను స్టాండుకు బిగిస్తున్నాడు. “గదంత మనసుల భయం చెల్లె,” అన్నాడు. “రాడ్డు వట్టుకుంటె పోతది.”

ఆమె తలూపింది.

ఎనభై మామూలుగానే లేచింది. తొంభై నిదానంగా లేచింది. వంద ఎక్కించాక రాడ్డు నేల వదిలి మోకాళ్ల దాకా వచ్చి ఆగింది. అక్కడ ఆమె వీపు విల్లులాగా వంగిపోయింది. బరువులు నేర్పేవాడికి ఆ వంపు ఏమిటో తెలుసు. అది కనబడగానే ‘వదిలెయ్’ అనాలి. అదొక్కటే అనాలి. పరమేష్‌కు అది తెలిసి కూడా “ఆపకు, ఆపకు” అని అరిచాడు. ముప్పైమందీ అదే అందుకున్నారు. రాడ్డు అంగుళం అంగుళం పైకి జరిగింది. వినోద నిలబడింది.

చప్పట్లతో గది మోగిపోయింది. పేరు ఆమెనే రాయమని సుద్దముక్క ఇచ్చాడు పరమేష్. రాస్తుంటే ముక్క విరిగి సగం కింద పడింది. ఆమె దానివంక చూసింది. వంగలేదు. పక్కనున్న మరొకరు తీసి ఇచ్చారు. అది కూడా పరమేష్ చూశాడు.

వీడియో సోమవారం నాటికి నలభై వేలమంది చూశారు. ‘మేడ్చల్ వంటమ్మ వంద కిలోలు’ అని పేరు పెట్టాడు ఆదిత్య. ఏడుగురు ఆడవాళ్లు ఫోన్ చేసి తామూ చేరతామన్నారు. పరమేష్ ఆ మూడు రోజులూ నేల మీద నడవలేదు. వినోద రాకపోతే, అలసి ఉంటుంది, విశ్రాంతి తీసుకుంటోంది అనుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున శివ ఫోన్ చేశాడు. వినోద మంచం దిగడం లేదని, ఎడమకాలు తిమ్మిరెక్కిందని, పాదం పైకి లేవమంటే లేవడం లేదని చెప్పాడు. పరమేష్ ఆస్పత్రికి వెళ్లేసరికి స్కాన్ అయిపోయింది. వెన్ను అడుగున రెండు పూసల మధ్య డిస్కు బయటికి జారి, కాలికి పోయే నరాన్ని నొక్కుతోందట. పాదం పడిపోతోంది కాబట్టి ఆపరేషన్ ఆలస్యం చేయకూడదని డాక్టరు అన్నాడు.

వరండాలో శివ అతన్ని పక్కకు పిలిచాడు. శివ నెమ్మదస్తుడు. కోపంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగాడు.

“గా దినం నడుం నొస్తుందని ఏమన్న జెప్పిందా అన్నా?”

“లే తమ్మీ, ఏం జెప్పలే,” అన్నాడు పరమేష్. “ఆమెనే ఉషారుగ ఎత్తింది.”

ఆలోచించకుండా నోరు జారిందని తర్వాత తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. కానీ ఆ మాట అనే ముందు తను ఒక్క క్షణం ఆగిన సంగతి అతనికి గుర్తుంది. శివ తల కొట్టుకుని, చెప్పి ఉంటే అయిపోయేది కదా అని గొణుక్కుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

ఆపరేషన్ అయింది. నొప్పి తగ్గింది కానీ పాదం పూర్తిగా లేవలేదు. మూడు నెలలు నీళ్ల బిందె కూడా ముట్టుకోవద్దన్నారు. వినోదను శామీర్‌పేట్‌లో తల్లి సాలమ్మ ఇంటికి తీసుకుపోయారు. బడిలో ఇంకొక వంటమనిషిని పెట్టుకున్నారు. వీడియో మాత్రం ఆగలేదు. వినోద మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్న రోజుల్లోనే లక్ష దాటింది. ‘గురువంటే ఇట్లుండాలె’ అని ఎవరో కింద రాశారు. పరమేష్ చదవడం మానేశాడు. శామీర్‌పేట్ వెళ్లాలని ప్రతి ఉదయం అనుకునేవాడు, ప్రతి ఉదయం ఏదో ఒక పని దొరికేది. మూడు వారాలు గడిచాయి.

పరమేష్ తండ్రి గౌరయ్య ఇరవై ఎనిమిదేళ్లు మేడ్చల్ మార్కెట్ యార్డులో హమాలీగా వడ్ల బస్తాలు మోసినవాడు. ఇప్పుడు అరవై ఎనిమిది. కొడుకు జిమ్‌కు ఒక్కసారే వచ్చాడు, ఊరికే ఎత్తి ఊరికే దించడమెందుకో అర్థం కాక వెళ్లిపోయాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటుంటే, పక్కింటివాళ్లు ఫోన్‌లో చూపించారంటూ ఆయనే వీడియో మాట ఎత్తాడు. పరమేష్ ఆపరేషన్ సంగతి చెప్పక తప్పలేదు. గౌరయ్య ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. ఎంత ఎత్తిందని అడిగాడు. వంద అన్నాడు కొడుకు.

“వందంటె ఎంత?”

పరమేష్‌కు ప్రశ్న అర్థం కాలేదు.

“పొద్దుగాల మొదటి బస్తా, పొద్దుగూకంగ ఆఖరి బస్తా, కాంటా మీద రెండు ఒక్కటే,” అన్నాడు గౌరయ్య. “నడుం మీద ఒక్కటి గావు. కాంటాకు ఏం దెలుసు, నువ్వు పొద్దటి సంది ఏం మోసినవో?”

తర్వాత తమ గుంపులో ఉన్న ఒక కట్టుబాటు గురించి చెప్పాడు. ‘ఇయ్యాల నాతోని గాదు’ అని ఎవడైనా అంటే మేస్త్రి మళ్లీ అడిగేవాడు కాదట. ఎందుకని కూడా అడిగేవాడు కాదట. చేతిలో దబ్బనం, పురికొస పెట్టి సంచుల మూతులు కుట్టమనేవాడు. వాడే మర్నాడు అందరికన్నా రెండు బస్తాలు ఎక్కువ మోసేవాడు. ఆ మాట అన్నవాణ్ణి ఎగతాళి చేసిన ఒక కుర్రాణ్ణి గుంపులోంచి తీసేశారని కూడా చెప్పాడు.

“గామె ఏమన్న అన్నదా నీతోని?” అని అడిగాడు చివరికి.

“లే బాపూ.”

గౌరయ్య కొడుకు మొహంలోకి కాసేపు చూశాడు. మళ్లీ ఏమీ అడగలేదు. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. పళ్లెంలో అన్నం సగానికి సగం ఉండిపోయింది.

ఆ వారంలోనే సుచిత్ర చౌరస్తా దగ్గర క్లినిక్ నడిపే శైలజ అనే ఫిజియోథెరపిస్టు ఫోన్ చేసింది. ఆస్పత్రివాళ్లు వినోదను ఆమె దగ్గరికి పంపుతున్నారు. వినోద ఎన్ని నెలలు ఏమేమి ఎత్తిందో వివరం కావాలంది. పరమేష్ తన దగ్గరున్న కాగితాలు పట్టుకుని వెళ్లాడు. శైలజ యాభై దాటిన మనిషి, కళ్లజోడు, నెమ్మదైన మాట. కాగితాలు శ్రద్ధగా చదివింది. ఎనిమిది నెలల పని చక్కగా ఉందని, తొందరపడకుండా పెంచారని అంది. తర్వాత వీడియో పెట్టి, రాడ్డు మోకాళ్ల దగ్గర ఉన్నచోట ఆపింది.

ఆ రోజు ఆమె ఎన్నింటికి లేచింది, ఏం తింది, బడిలో ఎంత బరువు ఎన్నిసార్లు ఎత్తింది అని ఒక్కొక్కటే అడిగింది. నింద లేదు ఆ గొంతులో. పరమేష్‌కు ఒక్కదానికీ జవాబు తెలియదు. తెలియదని చెప్పాడు. అయితే వినోద అసలు భారీ బరువులు ఎత్తకుండా ఉండాల్సిందా అని అడిగాడు. శైలజ అవునంటే బాగుండునని అతనికి ఉంది. అవునంటే తప్పు బరువుది అవుతుంది.

శైలజ తల అడ్డంగా ఊపింది. ఆ కాలికీ ఆ నడుముకూ మళ్లీ బలం రావాలంటే వినోద బరువులు ఎత్తక తప్పదంది. సుఖంగా లేచే బరువుతో కండా పెరగదు, ఎముకా గట్టిపడదు. అరవై ఏళ్లవాళ్లతో కూడా తను భారీగానే ఎత్తిస్తానంది.

“భారీ అంటే ప్లేటు మీది అంకె కాదు పరమేష్ గారూ. ఆ మనిషి, ఆ పూట, ఒళ్లు వంకర పోకుండా ఐదారుసార్లు ఎత్తి, ఇంకా ఒకటో రెండో మిగుల్చుకునే బరువు. కొందరికి అది పన్నెండు కిలోలు. వాళ్లకు అది భారీయే. మీ వినోదకు ఆ సాయంత్రం అరవై కిలోలే భారీ. ఆమె ఒళ్లు ఆ సంగతి చెప్పే ఉంటుంది.”

శైలజ వీడియో ఆపేసి, మందులకూ కసరత్తుకూ లొంగని బాధ ఒకటి వినోదకు ఉందని చెప్పింది. ఎత్తకముందు నడుం సంగతి ట్రైనర్‌తో చెప్పినట్టే ఆమెకు గుర్తుంది. ఇంట్లో మాత్రం, నువ్వేమీ చెప్పలేదని సారే అన్నాడు అంటున్నారట. చెప్పానా, చెప్పాలనుకుని ఊరుకున్నానా అని పదే పదే అడుగుతోందట. ఇప్పుడు కాలి నొప్పి ఎక్కడుందో చెప్పమన్నా, నిజంగా ఉందా నేననుకుంటున్నానా అని తడబడుతోందట.

“తన ఒంటి మాట మీద తనకు నమ్మకం పోయిన మనిషికి నేనేం చేయించగలను?” అంది శైలజ.

మర్నాడు పొద్దున్నే పరమేష్ శామీర్‌పేట్ బయల్దేరాడు.

సాలమ్మది రెండు గదుల రేకుల ఇల్లు. ప్రహరీ మీద వలలు ఆరేసి ఉన్నాయి. వాళ్లది చెరువులో చేపలు పట్టే కుటుంబం. సాలమ్మ నలభై ఏళ్లుగా గంప నెత్తిన పెట్టుకుని అమ్ముతోంది. అతన్ని చూడగానే చేపల గంప కింద దించి, కూర్చోమనకుండానే మొదలుపెట్టింది. ఆడమనిషికి ఇనుప రాడ్లెందుకని, మగవాళ్ల ఆటలు నా బిడ్డకెందుకు నేర్పావని గట్టిగానే అడిగింది. శివ పాలు పోసిన గ్లాసుతో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. వినోద మంచం అంచున కూర్చుని, ఎడమ పాదానికి తువ్వాలు తగిలించి వేళ్లను పైకి లాక్కుంటోంది. చిక్కిపోయింది.

“నీ నెత్తి మీది గంపను ఎవలన్న ఎన్నడన్న బరువన్నరా అమ్మా?” అంది తల్లితో, తువ్వాలు వదలకుండా. “నేను గంజులు మోస్తె ఎవలన్న వద్దన్నరా? ఊకో.”

వినోద తువ్వాలు పక్కన పెట్టి పరమేష్ వైపు తిరిగింది.

“సార్, ఒక్క మాట అడుగుత. ఎత్తకముందు నేను మీ దగ్గరికి వచ్చిన. నడుం గుంజుతాంది, వచ్చే శనివారం జేద్దమా అన్న. అన్ననా? లేకుంటె అనాలె అనుకొని ఊకున్ననా?”

ఆమె కళ్లలో కోపం లేదు. అక్కడ కోపం ఉంటే పరమేష్‌కు పని తేలికయ్యేది. లేదమ్మా, నాకు గుర్తు లేదు అనే మాట నాలుక మీదే ఉంది. ముప్పైమంది చప్పుళ్లలో ఎవరికి ఏం వినపడుతుంది, ఎవరైనా నమ్ముతారు. గుమ్మంలో శివ కదలకుండా వింటున్నాడు.

“అన్నవ్ చెల్లె,” అన్నాడు.

“మీకు ఇనవడ్డదా?”

“ఇనవడ్డది. ఇని గూడ ఎత్తుమన్న. నీ వీపు వంగుడు గూడ జూసిన. జూసి వదిలెయ్యి అనలే.” శివ వైపు తిరిగాడు. “నువ్వు అడిగిననాడు నీకు అబద్ధం జెప్పిన తమ్మీ. మా బాపుకు గూడ జెప్పిన.”

వినోద కళ్లు మూసుకుంది. చాలాసేపటి నుంచి బిగబట్టి ఉన్నట్టుగా, పెద్ద ఊపిరి ఒకటి నెమ్మదిగా వదిలింది. ఏడవలేదు. శివ గ్లాసు కింద పెట్టి బయటికి నడిచాడు. వాకిట్లో అటూ ఇటూ రెండుసార్లు తిరిగాడు. కొట్టడానికే వస్తాడనుకున్నాడు పరమేష్. వచ్చి కొడితే బాగుండుననుకున్నాడు కూడా. శివ మళ్లీ లోపలికి వచ్చాడు కానీ అతని దగ్గరికి రాలేదు. భార్య కాళ్ల దగ్గర నేల మీద కూలబడ్డాడు.

“నెల దినాల సంది దీన్ని తిట్టిన అన్నా,” అన్నాడు. “పొద్దు మాపు తిట్టిన. నోరుండి సెప్పకపోతివి అని.”

సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక పొమ్మని ఆమె చేత్తోనే సైగ చేసింది. పరమేష్ గుమ్మం దాటబోతుంటే వినోద పిలిచింది. వీడియో ఉందా తీసేశారా అని అడిగింది. ఇప్పుడే తీసేస్తానన్నాడు. వద్దంది. నన్ను చూసి ఏడుగురు ఆడవాళ్లు చేరారని విన్నాను, ఏమైందో దాని కిందనే రాయండి అంది.

ఆ పగలే రాశాడు. మొదట నాలుగు వాక్యాల్లో తప్పించుకునేలా రాశాడు. చదువుకుని తుడిపేశాడు. మళ్లీ రాసినప్పుడు, ఆమె అన్న మాట ఆమె అన్నట్టే పెట్టి, తను అన్న మాట తను అన్నట్టే పెట్టాడు. పొగిడినవాళ్లే తిట్టారు. కొందరు పాతవాళ్లు జిమ్ మానేశారు. ఆ ఏడుగురిలో ఇద్దరు మిగిలారు. బోర్డు మీది పేర్లు అన్నీ తుడిచి, దాన్ని గోడ మీంచి దించేశాడు. పేరున్నవాళ్లు కొందరు నొచ్చుకున్నారు. తండ్రికి కూడా చెప్పాడు. గౌరయ్య అంతా విని, నాకు అప్పుడే తెలుసు అనలేదు, తెలియదనీ అనలేదు. రెండోసారి ఆ పిల్లను చూడబోయేటప్పుడు తననూ తీసుకుపొమ్మన్నాడు. పోయి, సాలమ్మతో వాకిట్లో కూర్చుని చాలాసేపు నడుం నొప్పుల గురించీ పాత మార్కెట్ గురించీ మాట్లాడి వచ్చాడు.

శైలజ దగ్గర వినోద నాలుగు నెలలు చేసింది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం మొదటి నెల పని. ఆ పదిలో ఏడోది దాటేసరికి చెమటలు పట్టేవట. జులైలో, ఇక దగ్గర్లోని ఏదైనా జిమ్‌లో జాగ్రత్తగా మొదలుపెట్టవచ్చని చెప్పి కాగితం రాసిచ్చింది. వినోద ఆ కాగితం పట్టుకుని ట్రాక్టర్ సామాన్ల దుకాణం పైకే వచ్చింది. మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. వెనక శివ.

పరమేష్ సుచిత్రలో ఇంతకన్నా మంచి జిమ్‌లు ఉన్నాయని, తనే మాట్లాడి పెడతానని అన్నాడు.

“ఇంకో జాగల మల్ల మొదటికెళ్లి సెప్పుకోవాలె సార్,” అంది వినోద. “మీకు సెప్పే పని లేదు.”

అది క్షమించడం కాదని పరమేష్‌కు తెలుసు. అతను అడగలేదు, ఆమె ఇవ్వలేదు. శివ అయితే వచ్చిన ప్రతిసారీ కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని, ఆమె ముగించేదాకా కదలడు. పరమేష్‌తో మాట్లాడడు. నీళ్లు ఇస్తే తీసుకోడు.

ప్లేట్లు తొడిగే ఒక చిన్న రాడ్డుతో, ఆరు కిలోలతో మొదలుపెట్టారు. ఎత్తించేముందు వినోదను అడగాల్సిన ప్రశ్నలు పరమేష్ మర్చిపోడు. నిద్ర పట్టిందా, ఏం తిన్నావు, పొద్దున్నుంచి ఏం పని చేశావు. ఆమె ఇప్పుడు మేడ్చల్ సంతలో తల్లి పక్కన పీట మీద కూర్చుని చేపలు అమ్ముతోంది. చేపల పెట్టె ఆటోలోంచి శివ దించుతాడు. పాత పని కోసం బడికి పోయి అడిగింది కానీ ఆపరేషన్ అయిన మనిషిని పెట్టుకోలేం అన్నారు. కొన్ని రోజులు పన్నెండు కిలోలు కూడా వద్దనేది. పరమేష్ ఎందుకని అడిగేవాడు కాదు. ప్లేట్లు విప్పి పక్కన పెట్టేవాడు. కొన్ని రోజులు తనే ఇంకొంచెం వెయ్యమనేది. వేసి, ఆమె వీపు మీంచి చూపు తిప్పకుండా నిలబడేవాడు.

చలికాలం వచ్చేసరికి ముప్పై రెండు కిలోలకు వచ్చింది. ఒకనాటి పొద్దున, కిందటేడు ఒళ్లు వేడెక్కడానికి కూడా చాలని ఆ బరువు ముందు ఆమె నిలబడి, ఊపిరి తీసుకుని ఎత్తింది. మూడోసారికి మొహం ఎర్రబడింది. ఐదోది నిదానమైంది. ఆరోది ఇంకా నిదానంగా, వంకర లేకుండా లేచింది. పక్కన కసరత్తు చేస్తున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు చూస్తున్నారు. ఎవరూ అరవలేదు.

“ఇంక రెండున్నయ్ సార్,” అంది ఆమె రాడ్డు దించుతూ. “ఆపుతున్న.”

తువ్వాలుతో మొహం తుడుచుకుని బెంచీ మీద శివ పక్కన కూర్చుంది. నిన్న శైలజ మేడమ్ దగ్గరికి పోయి వచ్చానని చెప్పింది. నడక బాగుందట. నడుం బాగుందట. ఎడమ బొటనవేలు మాత్రం పూర్తిగా లేవడం లేదు. పది నెలలైంది కాబట్టి ఇక లేవకపోవచ్చట. అలసినప్పుడు ఆ పాదం కాస్త ఈడుస్తుంది, చూసుకుని నడవమన్నదట. ఇదంతా ఆమె సంతలో చేపల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

పరమేష్ వింటూనే రాడ్డుకున్న ప్లేట్లు సరిచూశాడు. శివ వంగి, ఊడిపోయిన ఆమె చెప్పు పట్టీ బిగించాడు. బిగించి, మొదటిసారిగా తలెత్తి పరమేష్ వైపు చూశాడు.

“ఇంక ఎన్నిసార్లు జెయ్యాలె?” అని అడిగాడు.

“ఇంకొక్క సెట్టు, ఆరుసార్లు,” అన్నాడు పరమేష్. “ఆమె అంటేనే.”

వినోద రెండు నిమిషాలు ఆగింది. తర్వాత లేచి రాడ్డు దగ్గరికి నడిచింది.